కొంచెం ఉంది

జనవరి 30, ట్రోమ్సో ఆసుపత్రి

ఇవాళ నర్సు లెమెత్‌ను అంకె అడిగింది.

"వికారం ఎంతుంది? సున్నా అంటే అసలు లేదు. పది అంటే ఇక నావల్ల కాదు. నువ్వు ఎక్కడున్నావో చెప్పు" అంది. ఆమె పేరు తూరిద్. ఎర్రటి చేతులు, పెద్ద గొంతు. నవ్వితే చిగుళ్లు కనిపిస్తాయి.

లెమెత్ కిటికీ వైపు చూసి, "కొంచెం ఉంది" అన్నాడు.

"కొంచెం అంటే రెండా, మూడా?"

"అలాంటిదే."

ఆమె రెండు అని రాసుకుని వెళ్లింది. తలుపు పడగానే లెమెత్ బేసిన్ అందుకున్నాడు. కడుపులో ఏమీ మిగలకపోయినా వాంతులు ఆగలేదు. నేను అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. డ్రిప్ సీసాలో మందు నీళ్లలాగే ఉంది. చూస్తే ఏ పాపం ఎరగనట్టు ఉంటుంది.

తూరిద్ మళ్లీ వస్తే చెప్పాలని నార్వే మాటలు లోపల వరస పెట్టుకున్నాను. ఆమె వచ్చింది. నేను నేల చూశాను. ఆమె వెళ్లింది.

నేను బడికి పోయింది కొన్ని చలికాలాలే. ఎండ పొద్దులు రాగానే నాన్న మందతో పాటు మమ్మల్నీ తోలుకుపోయేవాడు. రాయడం మాత్రం అబ్బింది. రాస్తుంటే ఎవరూ నా మొహం చూడరు. అందుకే కింద కొట్లో ఈ పుస్తకం కొన్నాను.

జనవరి 31

లెమెత్ పక్క మంచం ఇంగ్వల్‌ది. లోఫోతెన్ దీవుల్లో చేపలు పట్టేవాడు. గొంతులో గడ్డ. కరెంటు పెట్టి కాలుస్తున్నారట. గొంతు కీచుమంటుంది, అయినా నోరు మూతపడదు.

"ఏమోయ్ కుర్రాడా, మీ సామీ వాళ్లకి రెయిన్‌డీర్ జింకల మందలు బోలెడంట కదా. నీకెన్నున్నాయేం?" అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి. మా సామీల ఊరు కౌతొకేనోలో ఈ మాట ఎవరూ ఎవరినీ అడగరు. పెళ్లి మాటల్లో కూడా అడగరు. మా నాన్నకు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. పెళ్లై ఏడాది కావస్తోంది, లెమెత్‌కు ఎన్ని ఉన్నాయో కూడా తెలియదు. ఎవరన్నా తెలియక అడిగితే, "చెట్టుకి ఇటు కొన్ని, అటు కొన్ని" అంటాడు.

"నీకు బ్యాంకులో ఎంతుంది పెద్దాయనా?" అన్నాడు లెమెత్.

ఇంగ్వల్ నవ్వబోయి దగ్గాడు. "మా ఆవిడకే చెప్పలేదు. నీకు చెప్తానా?"

"ఆవిడకెందుకు చెప్పలేదు?"

"చెప్పేంత లేదు గనక."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం తూరిద్ అడిగిన అంకె గుర్తొచ్చింది. లెమెత్ నిన్న ఆమెతో అబద్ధం ఆడలేదు. మనకున్నది ఎంతో పరాయివాళ్ల ముందు అంకె వేసి చెప్పకూడదు. మందకైనా అంతే, బాధకైనా అంతే. అది చిన్నప్పటి నుంచీ నాలుకకు పట్టిన మర్యాద. నన్ను అడిగినా నేనూ అదే చెప్పి ఉండేదాన్ని.

అయినా ఆమె రాసుకున్నది రెండు. వాంతికి ఇచ్చే మందు రెండుకు తగ్గది.

ఫిబ్రవరి 3

డిసెంబరులో లెమెత్‌కు ఆపరేషన్ చేసి గడ్డ తీసిన డాక్టర్ హౌగెన్ ఇవాళ కూర్చుని మాట్లాడాడు. లోపల పాకిన గడ్డలు కరగడానికి ఈ మందు మూడు విడతలు ఎక్కించాలి. మూడూ పూర్తయితే ఈ వయసు మగవాళ్లలో చాలామందికి జబ్బు పోతుంది, మళ్లీ రాదు. మధ్యలో మానేస్తే తాను ఏ మాటా ఇవ్వలేడు.

తర్వాత పిల్లల గురించి ఏదో చెప్పాడు. లెమెత్ కిటికీ వైపు చూశాడు.

అది రాయను.

ఫిబ్రవరి 8, ఇంట్లో

జుట్టు రాలుతోంది. దిండు మీద, కాలర్ మీద, గిన్నెలో. లెమెత్ గుప్పెడు తీసి చూపించి, "జింకలు జూన్‌లో రాలుస్తాయి. నాకే తొందర" అన్నాడు. అత్త నవ్వలేదు. పొయ్యిలో కట్టె పెట్టి చాలాసేపు ఆ కట్టెనే సర్దింది.

కాఫీ వాసన అతనికి పడటం లేదు. కెటిల్ పొయ్యి మీదికి ఎక్కితే చాలు, బయటికి పోతున్నాడు. బయట చలి సున్నాకు ముప్పై కింద ఉంది.

"కాఫీ కాగని ఇల్లు ఇల్లెట్టా అవుతుంది?" అంది అత్త. "మీ మామ చచ్చిపోయిన పొద్దున కూడా కెటిల్ దించలేదు నేను."

మధ్యాహ్నం చూస్తే కెటిల్, కాఫీ డబ్బా, కప్పులు, అత్త, ఏవీ ఇంట్లో లేవు. పెరట్లో చేపలు పొగబెట్టే గుడారం లోంచి పొగ వస్తోంది. సాయంత్రం ఇద్దరు చుట్టాలు వస్తే వాళ్లనూ అక్కడికే తీసుకుపోయింది. వాళ్లు చేతి జోళ్లతోనే కప్పులు పట్టుకుని, మీసాలకు మంచు పేరుకున్నా, కాఫీ చాలా బాగుందంటూ తాగారు.

"నా ఇంట్లోంచి నన్ను వెళ్లగొట్టింది నా కొడుకు కడుపు" అంది అత్త లోపలికి వస్తూ. కోటు మీద వాసన ఉంటుందని దాన్ని వాకిట్లోనే విప్పింది.

ఫిబ్రవరి 10

ఏం తిన్నా ఇనుము నాకినట్టు ఉందంటున్నాడు. లోహపు చెంచా మానెయ్యమని, ప్లాస్టిక్‌ది వాడమని తూరిద్ చెప్పింది. అత్తతో అన్నాను.

"ప్లాస్టిక్కా? మీ మామ చెక్కిన కొమ్ము చెంచా ఉండగా?" అని పెట్టె తెరిచింది. రెయిన్‌డీర్ కొమ్ముది, పచ్చబడింది. దాంతో పెడితే ఎముకల పులుసు చల్లారాక సగం తాగాడు. వేడిగా ఉంటే వాసన లేస్తుంది, చల్లగా ఉంటే ఊరుకుంటుంది. శరత్తులో చిత్తడి నేలల్లో నేను ఏరిన పళ్లు, గడ్డకట్టినవి, నోట్లో పెట్టుకుని చప్పరించాడు. నోటి పుండ్లకు హాయిగా ఉందట.

మంచి రోజు.

ఫిబ్రవరి 13

ఇవాళ కూడా మంచి రోజే. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఏదో ఆలోచనలో ఉన్నట్టున్నాడు.

ఫిబ్రవరి 16

చేతిలోంచి గిన్నె జారింది. చెక్కది కనుక పగల్లేదు. చేతికి కొవ్వు అంటుకుని ఉంటుంది.

ఫిబ్రవరి 20, ట్రోమ్సో

రెండో విడత మొదలు. "కొంచెం ఉంది." "రెండా, మూడా?" "అలాంటిదే."

మళ్లీ బేసిన్.

ఫిబ్రవరి 21

చెప్పాను.

వరండాలో తూరిద్ దుప్పట్లు మోసుకుపోతుంటే వెంట నడిచాను. ఆమె ఆగింది. నేనూ ఆగాను. ఆమె మళ్లీ నడిచింది, నేనూ నడిచాను.

"నీకేదో కావాలి" అంది.

"ఆయన్ని అంకె అడగకండి" అన్నాను.

"ఎందుకు?"

"మావాళ్లు అంకె చెప్పరు."

"నువ్వు చెప్పవా మరి?"

"నేనూ చెప్పను."

ఆమె దుప్పట్లు కిటికీ గట్టు మీద పెట్టింది. "చూడు రిస్తెన్, అతనికి ఎంత బాధగా ఉందో తెలియకుండా నేను డాక్టర్ దగ్గరికి పోయి ఏమడగాలి? మందు ఊరికే పెంచరు కదా."

"పని అడగండి" అన్నాను. "ఇప్పుడు నువ్వు ఏం పని చెయ్యగలవు అని అడగండి."

అంతే చెప్పి స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. మొహం కడుక్కుని వచ్చి చూస్తే తూరిద్ అతని మంచం పక్కన కూర్చుని ఉంది.

"లెమెత్, ఇప్పటికిప్పుడు నిన్ను మీ ఊళ్లో దింపితే ఏం పని చెయ్యగలవు?"

అతను ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. పని గురించి అడిగితే ఊరికే జవాబివ్వడు.

"మంద దగ్గరికి పోలేను. కట్టెలు కొట్టలేను. గుడారంలో పడుకుంటా. కుక్క లోపలికొస్తే తోలలేను."

"కుక్కని కూడా తోలలేవా?"

"మొహం నాకినా ఊరుకుంటా."

తూరిద్ లేచి గబగబా పోయింది. కాసేపటికి డాక్టర్ హౌగెన్ వచ్చాడు. వాంతికి ఇచ్చే ఇంజెక్షన్ మార్చాడు. డ్రిప్ పెట్టడానికి ముందే ఒకటి, సాయంత్రం అడక్కుండానే మరొకటి ఇవ్వాలన్నాడు. చీకటి పడేసరికి లెమెత్ నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరిచి, మా పెళ్లైన కొత్తలో పడుకున్నట్టు.

"నన్నూ అట్టా అడగండి సిస్టరూ" అన్నాడు ఇంగ్వల్. "నేను పడవ ఎక్కగలను. దిగలేను."

వేళ్ల సంగతి నేను చెప్పలేదు. తూరిద్ అడగలేదు కదా. గుండీలు పెట్టుకోవడం ఒక పనేమీ కాదు.

ఫిబ్రవరి 25

రేపు ఇంటికి. తూరిద్ నా చేతిలో థర్మామీటరు పెట్టింది.

"వచ్చే వారమంతా అతని నెత్తురులో కాపలావాళ్లు ఉండరు. చిన్న గాయమైనా లోపలికి దారి ఇస్తుంది. జ్వరం ముప్పై ఎనిమిది దాటిందంటే నాకు ఫోన్ కొట్టాలి. ఆదివారమైనా సరే. 'కొంచెం ఉంది' అన్నావంటే ఊరుకోను."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను, చేత్తో నోరు కప్పుకుని.

ఫిబ్రవరి 27, ఇంట్లో

ఇస్సాత్ వచ్చాడు. లెమెత్ తమ్ముడు. మంద దగ్గరే ఉంటున్నాడు, మొహం ఎండకూ మంచుకూ నల్లబడింది. చూలు జింకలు అప్పుడే ఉత్తరం వైపు ముట్టెలు తిప్పుతున్నాయట. ఈస్టర్ వెళ్లగానే వేసవి మేతకు సముద్రం వైపు కదలక తప్పదు.

"నువ్వొస్తే మంచిదేరా అన్నా. రాకపోయినా చూసుకుంటాం" అన్నాడు.

"ఎట్టా చూసుకుంటావ్? పోయినేడు నది దగ్గర సగం మందని వెనక్కి పంపావు."

"సగం కాదు."

"ఎంత?"

"నది దాటనంత."

చాలా రోజులకు లెమెత్ గట్టిగా నవ్వాడు. నవ్వి, వాళ్లమ్మ వైపు చూడకుండా అన్నాడు: "రెండు విడతలకే గడ్డలు కరిగాయన్నాడు డాక్టరు. కరిగిపోయినదాన్ని ఇంకేం కరిగిస్తారు?"

ఇస్సాత్ కత్తితో ఎండు మాంసం కోసి నములుతూ కూర్చున్నాడు. అత్త నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

ఫిబ్రవరి 28

మూడోదానికి పోనని అతను అనలేదు. పోతాననీ అనలేదు.

మార్చి 1

లెమెత్ తమ్ముడితో మంద దగ్గరికి పోయాడు, ఒక్క రోజుకే. మంచు స్కూటరు వెనక కూర్చునే పోతానన్నాడు.

పొద్దున బూట్లలో గడ్డి పెట్టుకుంటుంటే చూశాను. ఆ గడ్డి ఆగస్టులో నేను కోసినదే. కొట్టి, దువ్వి, జడలా చుట్టి పెట్టాను. చలికాలమంతా మా తోలు బూట్లలో మేజోళ్లకు బదులు అదే. పాదం చుట్టూ ముడత లేకుండా పరచాలి, వేళ్లతో తడిమి ఒక్కో కాడా సర్దాలి. అతను పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి కుక్కేసి తాడు బిగించాడు.

నేను పెడతానని అనలేదు. మా ఇళ్లలో మగవాడు తన బూటులో గడ్డి తనే కూరుకుంటాడు. భార్య చేత పెట్టించుకుంటే అతను పసివాడన్నా అయి ఉండాలి, మంచం పట్టిన ముసలివాడన్నా అయి ఉండాలి.

బాగానే పెట్టుకుని ఉంటాడు.

మార్చి 2

వచ్చాడు. ఎంత సంతోషమో. కుక్కలు ఏం చేశాయో, మందకు ముందు నడిచే ముసలి జింక తనను ఎలా గుర్తుపట్టిందో భోజనమంతా అదే మాట. రెండు గిన్నెల పులుసు తాగాడు. అత్త బయటి గుడారంలో మా పాత సామీ పాట పాడుకుంది. చర్చికి పోయే మనిషి, ఆ పాటలు పాపమంటుంది. అయినా పాడింది.

మార్చి 3

అతని కుడి బూటు గడ్డి ఆరబెట్టబోతే తడిగా, ఎర్రగా ఉంది. పాదం చూపించమన్నాను. మడమ మీద చిట్లిన పుండు. గట్టి కాడ ఒకటి అడ్డంగా పడి రోజంతా కోసింది.

"నొప్పెయ్యలేదా?"

"తెలీలేదు" అన్నాడు.

అత్త దేవదారు బంక కాచి పూసింది. పసిపిల్లలప్పటి నుంచీ అందరికీ అదే పూసింది, అందరికీ మానింది. మానుతుంది.

మార్చి 4

మార్చి 6, ట్రోమ్సో

నాలుగో తేదీ వేసి ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం లెమెత్ రెండు తోళ్లు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తోళ్లు కదులుతున్నాయి.

"చలేస్తోందా?"

"కొంచెం ఉంది."

"మంచులో తిరిగొచ్చాడు కదా. ముసుగు తన్ని పడుకుంటే చెమట పట్టి పోతుంది" అంది అత్త. నేను థర్మామీటరు తెచ్చాను. రేపు చూద్దామన్నాడు. అతని మాట కాదని నేను ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదు. చంక ఎత్తి పెట్టాను. చెయ్యి తోసెయ్యడానికి కూడా ఓపిక లేదు అతనికి.

ఆ ఇంట్లో ఫోన్ ఉన్నప్పటి నుంచీ నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. మోగితే పెరట్లోకి పోతాను. ఆ రోజు తిప్పాను. తూరిద్ కాదు, ఎవరో మగ గొంతు.

"నేను లెమెత్ భార్యని. కౌతొకేనో నుంచి. ఆయనకి జ్వరం. కొంచెం..."

ఆగిపోయాను. అవతల ఆ గొంతు కూడా ఆగింది. అత్త నా వెనకే నిలబడి ఉంది.

"ముప్పై తొమ్మిది పైన రెండు" అన్నాను. "కాలికి పుండుంది. మందెక్కించి రెండో వారం."

ఆ తర్వాత ఆయన అడిగినవాటన్నింటికీ జవాబు చెప్పాను. ఎన్నింటికి మొదలైంది, ఎన్నిసార్లు వణుకు వచ్చింది, ఎన్ని కప్పుల నీళ్లు తాగాడు. మా ఇంటి లెక్కలన్నీ ముక్కూ మొహం తెలియని మనిషికి ఒప్పజెప్పాను. వాళ్లు పంపిన చిన్న విమానం మంచు మీద దిగేదాకా ఫోన్ పక్కనే నిలబడ్డాను. అత్త అతని కాళ్లకు తన శాలువా చుట్టి, నా చేతిలో కొమ్ము చెంచా పెట్టింది.

మార్చి 8

జ్వరం దిగుతోంది. పొద్దునా సాయంత్రం నరంలోకి మందు. ఇంకో రోజు ఆలస్యమైతే అని డాక్టర్ హౌగెన్ మొదలుపెట్టి, నా మొహం చూసి మానేశాడు.

మార్చి 10

పుండు అంచులు గులాబీ రంగుకు వచ్చాయి. మూడో విడత వారం వాయిదా వేశారు. ఈస్టర్ వారంలో సోమవారం మొదలు.

"సరేనా?" అంది తూరిద్.

లెమెత్ కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదు. అతను నిద్రపోతే నాకు తెలుస్తుంది.

మార్చి 12

ఇవాళ అడిగాను. అడగడమంటే, పక్కన కూర్చుని అతని చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. వేళ్ల చివరలు ఒక్కొక్కటీ నొక్కాను.

"ఇది తెలుస్తోందా?"

"లేదు."

"ఇది?"

"ఎవరో తలుపవతల తట్టినట్టుంది."

చెయ్యి నా ఒళ్లోనే ఉంచి అన్నాడు, "వేసవిలో దూడల చెవులకి గుర్తు కొయ్యాలి. కళ్లతో కొయ్యరు రిస్తెన్, వేళ్లతో కోస్తారు. దూడ తన్నుకుంటూ ఉంటుంది, చెవి చూస్తే మెత్తగా ఆకులా ఉంటుంది. కత్తి ఎంత లోతు పోయిందో అడుగునున్న వేలుకే తెలుస్తుంది. నా వేళ్లకి ఇప్పుడు కత్తీ చెవీ ఒకటే. ఇంకో విడతతో ఇదీ పోతుంది."

"పోకపోవచ్చు."

"పోతే? బతికి ఏం చెయ్యను? ఇక్కడ బస్సులో టికెట్లు చింపనా?"

మా మందల్లో ఏ దూడ ఎవరిదో చెప్పేది ఆ చెవి గుర్తే. అతనికి వాంతులంటే భయం కాదు, చావంటే కూడా కాదు. ఇన్నాళ్లూ గుండీల సంగతే అనుకుంటూ వచ్చాను. కాదు, అనుకోవాలనుకున్నాను.

మార్చి 13

డాక్టర్ హౌగెన్‌కు వేళ్ల సంగతి చెప్పాను. లెమెత్ వద్దనలేదు. కిటికీ వైపు కూడా చూడలేదు.

డాక్టర్ దూదితో, సూదితో, ఏదో మోగే ఇనుప కడ్డీతో చేతులూ కాళ్లూ పరీక్షించాడు. "మొదటి రోజే చెప్పాల్సింది" అన్నాడు, కోపం లేకుండా. "మందు వల్లనే. ఇంకొంచెం పెరగొచ్చు. చాలామందికి ఏడాదిలోనో రెండేళ్లలోనో తగ్గుతూ వస్తుంది. అందరికీ పూర్తిగా తగ్గదు. తగ్గుతుందని నీకు మాటిస్తే అబద్ధమవుతుంది."

"మూడోది మానేస్తే?" అన్నాడు లెమెత్.

"వేళ్లు కొంత మిగలొచ్చు. నువ్వు మిగులుతావో లేదో నాకు తెలీదు."

లెమెత్ తల ఊపాడు. అది సరే అని కాదు, విన్నానని.

మార్చి 15

చర్మం చెప్పలేనిది కళ్లు చూడాలి అంది తూరిద్. రోజూ సాయంత్రం పాదాలు చూడాలి, వేళ్ల సందులు కూడా. నోట్లో పుండ్లు చూడాలి, ఉప్పునీళ్లు పుక్కిలించాలి.

దీపం పక్కకు అతని పాదాలు జరిపి చూస్తుంటే లెమెత్ అన్నాడు, "సంతలో జింకని చూసినట్టు చూస్తున్నావ్."

"నోరు తెరువు. పళ్లు కూడా చూస్తాను."

"కొంటావా?"

"ముసలిది. బేరం కుదరదు."

పాదాలు నా ఒళ్లోనే ఉంచుకున్నాను. చల్లగా ఉన్నాయి. రుద్దాను. తెలుస్తోందా అని అడగలేదు.

మార్చి 17

ఇస్సాత్ ఫోన్ చేశాడట. మందను ఇక ఆపలేకపోతున్నారు. ఈస్టర్ మర్నాడు కదులుతారు. తూరిద్ చెబితే లెమెత్ విన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంగ్వల్‌కు భార్య నారింజల బుట్ట పంపింది. గొంతు కాలి ఉంది, మింగలేడు. బుట్టను కాలితో లెమెత్ మంచం కిందికి తోశాడు.

"ఈస్టరుకి నారింజ తినకపోతే వాడు నార్వేవాడే కాదంటారు. నువ్వెటూ కాదనుకో. అయినా తిను."

"సగం నీకు ఒలిచి పెడతా. వాసన చూడు."

"వాసన చూడ్డానికే ఇక్కడ చేర్పించారు నన్ను" అన్నాడు ఇంగ్వల్.

మార్చి 18

మూడోదాని మాట అతను ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం లేదు.

మార్చి 19

మా పెళ్లై ఈ ఈస్టర్‌కు ఏడాది. ఊళ్లో ఈపాటికి పెళ్లిళ్లు, జింకల పందేలు. ఇక్కడ వరండా అంతా నారింజ తొక్కల వాసన. ఆ వాసన అతనికి పడింది. కాఫీ పడలేదు, మాంసం పడలేదు, ఇది పడింది.

తొక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. మందంగా, మెత్తగా ఉంది. లోపలి వైపు తెలుపు. నడుముకున్న చిన్న కత్తి తీశాను.

"నీ గుర్తు నాకు చెప్పు" అన్నాను.

"ఎందుకు?"

"కోస్తాను."

"నువ్వా?"

"మా ఇంట్లో దూడల్ని పట్టుకునేది నేనే."

"పట్టుకోవడం వేరు. మీ నాన్న కోసిన చెవులు ఎలుక కొరికినట్టుండేవి. ఊరంతా చెప్పుకునేవాళ్లు."

"అందుకే నీ దగ్గర నేర్చుకుంటానంటున్నా."

అతను నన్ను చూశాడు. నేను తల దించుకోలేదు. దించుకోవాలనిపించింది గానీ దించుకోలేదు. "నీ వేళ్లు తిరిగొస్తే కత్తి నువ్వే తీసుకో" అన్నాను. "రాకపోతే నువ్వు చెప్పు, నేను కోస్తాను. చెప్పడానికి నువ్వుండాలి."

ఇంగ్వల్ పత్రిక అడ్డం పెట్టుకున్నాడు. ఆయనకు మా భాష రాదు. అయినా అడ్డం పెట్టుకున్నాడు.

లెమెత్ తొక్కను నా వేళ్ల మధ్య చెవిలా నిలబెట్టాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. కుడి చెవి కొస వాలుగా తెగాలి. దాని కింద వెనక అంచున ఒక గంటు. ఎడమ చెవికి ముందు వైపు రెండు, వాటి మధ్య వేలెడు ఎడం. వాళ్ల నాన్న గుర్తుకు ఒక్క గంటు మార్చి తనకు పెట్టారట. అతను ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడి ఎన్నాళ్లైందో.

మొదటి తొక్క చిరిగింది. రెండోదానికి గంటు పైకి పోయింది.

"ఇది మా బాబాయి గుర్తయింది. ఆయనకి దూడని దానమిచ్చావ్" అన్నాడు.

మూడోది కోశాను. నాలుగోది. నా వేళ్లకు పసుపు పట్టింది. రేపటి గురించి అతను ఏమీ అనలేదు. నేను అడగలేదు.

మార్చి 20

తెల్లవారగానే మళ్లీ మొదలుపెట్టాను. లెమెత్ మంచం మీద ఒక పక్కకు ఒరిగి నా ఒళ్లోకి చూస్తున్నాడు. తూరిద్ డ్రిప్ స్తంభం తోసుకుంటూ వచ్చింది. దాని చక్రం ఒకటి కీచుమంటుంది. ఆ చప్పుడు దూరం నుంచి దగ్గరికి వస్తుంటే నా కత్తి ఆగింది.

ఆమె మంచం పక్కన నిలబడింది. ముందుగా ఇచ్చే ఇంజెక్షన్ పళ్లెంలో ఉంది. తొందరపెట్టలేదు.

"లెమెత్, ఏమంటావ్?"

అతను ఆమె వైపు చూడలేదు.

"లోతెక్కువైంది" అన్నాడు నాతో. "ఇట్టా కోస్తే నెత్తురాగదు. వేలు అడుగున ఆనించి పెట్టు. కత్తి వస్తున్నట్టు ముందు దానికి తెలియాలి, అప్పుడు ఆపు."

"ఇట్టాగా?"

"ఇంకా కిందికి. ఆఁ, అక్కడ."

మాట్లాడుతూనే ఎడమ చొక్కా చేతిని పైకి లాక్కున్నాడు. గుండీ ఊడదీయలేక పళ్లతో పట్టి లాగాడు. చెయ్యి తూరిద్ వైపు చాపి పెట్టాడు. కళ్లు మాత్రం నా కత్తి మీదే ఉన్నాయి. తూరిద్ నరం వెతికింది. సూది దిగినప్పుడు అతని కనుబొమ్మ కదిలింది.

"బాగానే ఉంది, అయితే ఎడమ చెవి ఇంకా రాలేదు నీకు" అన్నాడు. "ఇంకో కాయ ఒలువు."

ఒలిచాను.